ధాన్యం కొనుగోళ్లు, ముందస్తు ఒప్పందాలు – రైతుల ఇబ్బందులకు మూలాలు

(ప్రత్యేక వ్యాసం)

శంషాబాద్, రంగారెడ్డి జిల్లా: ఆర్మూరు, కామారెడ్డి మీదుగా హైదరాబాదు చేరే 44వ నెంబరు జాతీయ రహదారి, ఆరాంఘర్ దాటి శంషాబాద్ మీదుగా కర్నూలు వైపు సాగిపోతుంది. దేశవ్యాప్త వరి పరిశోధనను సమన్వయపరిచే సంస్థ, చిరుధాన్యాల పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం మూడూ ఈ దారికి చేరువలోని రాజేంద్రనగర్‌లోనే ఉన్నాయి. పండిన పంటకు చెప్పిన ధర దక్కలేదని ఆర్మూరు రైతులు రోడ్డెక్కినది కూడా ఈ రహదారిపైనే. అధిక దిగుబడినిచ్చే వంగడాలను అందించడంలో రాష్ట్రం సాధించిన ప్రగతి, ఆ దిగుబడిని అమ్ముకొని డబ్బు చేతికి అందుకొనే ఏర్పాట్లలో అదే స్థాయిలో కనిపించడం లేదన్నది రైతుల ప్రధానమైన ఆవేదన.

ఈ ఆవేదనను కేవలం "గిట్టుబాటు ధర లేదు" అన్న ఒక్క మాటలో చెప్పడం పరిపాటి అయింది. లోతుగా పరిశీలిస్తే ఇందులో రెండు వేర్వేరు అంశాలు ఇమిడి ఉన్నాయి. మొదటిది ధర ఎంత అన్నది. రెండవది, కల్లం నుండి చివరి కొనుగోలుదారు వరకు ధాన్యం చేతులు మారే ప్రతి దశలోనూ నష్టం ఎవరు భరించాలి అన్నది. మొదటి అంశాన్ని ఏటా ప్రకటిస్తారు. రెండవ అంశం చాలా సందర్భాలలో కాగితం మీద స్పష్టంగా ఉండదు. ఈ వ్యాసం ముఖ్యంగా రెండవ అంశాన్ని వివరించడానికి ఉద్దేశించబడినది.

విమానాశ్రయం చుట్టూ మిగిలిన సాగు

శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి 2008 మార్చి 23న రాకపోకలు మొదలైనవి. దానికి ముందు నుండే ఈ ప్రాంతంలో భూముల విలువ పెరగసాగింది. మరొకవైపు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరిరక్షణకై 1996 మార్చి 8న జారీ అయిన 111వ నెంబరు ప్రభుత్వ ఉత్తర్వు, శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి తదితర మండలాలలోని 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. ఆ ఆంక్షలను సడలిస్తూ 2022 ఏప్రిల్‌లో 69వ నెంబరు ఉత్తర్వు వెలువడింది.

ఈ రెండు పరిణామాల ఫలితంగా నగర శివార్లలో ఒక విశేష పరిస్థితి ఏర్పడింది. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు ఒకరిది. నాగలి పట్టేది మరొకరు. నగరంలో నివసించే యజమాని భూమిని పెట్టుబడిగా చూస్తుండగా, ఊరిలో మిగిలిన రైతు దానిని కౌలుకు తీసుకొని బోరుబావి కింద వరి, వర్షాధారంగా మొక్కజొన్న, జొన్న, పత్తి పండిస్తున్నాడు. కొనుగోలు కేంద్రంలో ధాన్యం అమ్మాలంటే పంట నమోదు, భూమి వివరాలు, ఆధార్, బ్యాంకు ఖాతా అవసరం. సాగుదారు పేరు నమోదు కాకపోతే డబ్బు యజమాని ఖాతాలో జమ అయ్యే ప్రమాదం ఉంటుంది. యజమానితో సత్సంబంధాలు ఉన్నంత వరకు ఇబ్బంది లేదు. లేనిచోట కౌలుదారు తన ధాన్యాన్ని మద్దతు ధర కంటే తక్కువకు గ్రామంలోని వ్యాపారికి అప్పగించక తప్పడం లేదు. కౌలుదారులకు గుర్తింపు కార్డులు ఇవ్వడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే భూమి అధీకృత సాగుదారుల చట్టం తెచ్చినప్పటికీ, కార్డు తీసుకుంటే హక్కులు అడుగుతారేమోనన్న యజమానుల భయం ఆ చట్టం అమలుకు ప్రధానమైన అడ్డంకి అయింది.

మద్దతు ధర – దాని అర్థం, పరిమితులు

వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సిఫార్సులపై కేంద్ర ప్రభుత్వం కనీస మద్దతు ధరలను ప్రకటిస్తుంది. 2004-05లో సాధారణ రకం వరి ధాన్యానికి క్వింటాలుకు 560 రూపాయలు ఉన్న మద్దతు ధర, 2014-15 నాటికి 1,360 రూపాయలకు, 2025-26 సీజన్‌కు 2,369 రూపాయలకు పెరిగింది. ఇదే సీజన్‌కు "ఎ" గ్రేడు ధాన్యం ధర 2,389 రూపాయలు. రైతు చేతి నుండి పెట్టిన ఖర్చుకు, కుటుంబ సభ్యుల శ్రమ విలువను కలిపి, దానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ధర నిర్ణయించే విధానాన్ని 2018-19 నుండి పాటిస్తున్నారు. సొంత భూమి కౌలు విలువను, పెట్టుబడిపై వడ్డీని కూడా ఖర్చులో చేర్చి లెక్కించాలన్నది రైతు సంఘాల దీర్ఘకాలిక కోరిక. భూమి ధర, తదనుగుణంగా కౌలు అధికంగా ఉండే శంషాబాద్ వంటి ప్రాంతాలలో ఈ రెండు లెక్కల మధ్య వ్యత్యాసం ఎక్కువగా ఉండడం సహజం.

ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. మద్దతు ధర అన్నది ప్రభుత్వ సంస్థ కొనేటప్పుడు చెల్లించే ధర. ప్రైవేటు వ్యాపారి అంతకు తక్కువకు కొనరాదని నిషేధించే కేంద్ర చట్టం ఏదీ లేదు. కనుక కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎప్పుడు కాంటా పడుతుంది, ఎప్పుడు లారీ వస్తుంది అన్న విషయాలపైనే మద్దతు ధర రైతుకు దక్కుతుందా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.

తేమ, తాలు, తరుగు

మద్దతు ధర నిర్ణీత నాణ్యత గల ధాన్యానికే వర్తిస్తుంది. తేమ 17 శాతం మించరాదు. మట్టి, రాళ్ల వంటివి 1 శాతం, గడ్డి, పొట్టు వంటివి 1 శాతం, పాడైన, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు 5 శాతం, పూర్తిగా తయారుకాని, ముడుచుకుపోయిన గింజలు 3 శాతం లోపు ఉండాలి. ఈ ప్రమాణాలు వెలువడిన రోజులకు, నేటి కోతలకు మధ్య ఎంతో మార్పు వచ్చింది. పూర్వం చేతితో కోసిన వరి మెద మీద ఆరి, కుప్పగా ఉండి, తీరిక దొరికినప్పుడు నూర్పిడి అయ్యేది. నేడు కోత యంత్రం పొలంలోకి దిగిన గంటలలో ధాన్యం ట్రాలీలోకి చేరుతున్నది. అందులో తేమ 17 శాతానికి చాలా ఎక్కువగా ఉంటుంది. ఆరబెట్టడానికి ఊరిలో కల్లాలు లేవు. రోడ్లే కల్లాలైనవి.

తేమ కారణంగా తగ్గే బరువు ఎంతో కచ్చితంగా లెక్కించవచ్చు. 20 శాతం తేమ గల 100 కిలోల ధాన్యంలో నీరు 20 కిలోలు, మిగిలిన పదార్థం 80 కిలోలు. దానిని 17 శాతానికి ఆరబెడితే బరువు సుమారు 96.4 కిలోలు అవుతుంది. అనగా తగ్గేది 3.6 కిలోలు. 22 శాతం తేమ ఉంటే తగ్గేది సుమారు 6 కిలోలు. 17 శాతం లోపు ఉన్న ధాన్యంలో తేమ పేరిట తగ్గించవలసినది ఏమీ లేదు.

రైతుల ఫిర్యాదు సరిగ్గా ఈ చోటనే మొదలవుతుంది. ఆరబెట్టి, తూర్పారబట్టి, నిర్ణీత తేమతో తెచ్చిన ధాన్యానికి కూడా 40 కిలోల బస్తాకు కొంత చొప్పున "తరుగు" తీస్తున్నారన్నది ప్రతి సీజన్‌లోనూ వినవచ్చే ఆరోపణ. దీని ప్రభావాన్ని ఉదాహరణగా చూడవచ్చు. 100 బస్తాలు, అనగా 40 క్వింటాళ్లు తెచ్చిన రైతు నుండి బస్తాకు 2 కిలోలు అదనంగా తూకం వేస్తే 2 క్వింటాళ్లు పోతాయి. "ఎ" గ్రేడు ధర ప్రకారం ఆ నష్టం 4,778 రూపాయలు. క్వింటాలుకు లెక్కిస్తే 119 రూపాయలకు పైమాటే. ఆ మేరకు మద్దతు ధరలో వచ్చిన పెంపు తూకం రాయి కిందనే కరిగిపోతుంది. రసీదులో ధర పూర్తిగానే కనిపిస్తుంది గనుక ఈ నష్టం ఏ గణాంకాలలోనూ నమోదు కాదు.

కాంటా పడిన తరువాత

ఉమ్మడి రాష్ట్రంలో చాలా కాలం మిల్లర్లే రైతుల వద్ద ధాన్యం కొని, ఆడించిన బియ్యంలో నిర్ణీత భాగాన్ని లెవీ కింద భారత ఆహార సంస్థకు అప్పగించేవారు. లెవీని 2014 అక్టోబరు నుండి 25 శాతానికి పరిమితం చేసి, 2015 అక్టోబరు 1 నుండి పూర్తిగా రద్దు చేశారు. అప్పటి నుండి ప్రభుత్వమే మహిళా సంఘాలు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కేంద్రాల ద్వారా ధాన్యం కొని, మిల్లులకు మర ఆడించడానికి ఇచ్చి, బియ్యం తిరిగి తీసుకొనే పద్ధతి ప్రధానమైనది. తెలంగాణలో సేకరణ 2014-15లో సుమారు 24 లక్షల టన్నులు కాగా, 2020-21లో సుమారు 141 లక్షల టన్నులకు చేరుకున్నది. ఇంత స్వల్ప కాలంలో సేకరణ దాదాపు ఆరు రెట్లు పెరిగినప్పుడు గోనె సంచులు, హమాలీలు, లారీలు, గోదాములపై ఎంత ఒత్తిడి పడుతుందో ఊహించవచ్చు.

ఈ పద్ధతిలో ధాన్యం నాలుగు చేతులు మారుతుంది. కల్లంలో అది రైతుది. కేంద్రానికి తెచ్చి కుప్ప పోసిన తరువాత కూడా కాంటా అయ్యేంత వరకు అది రైతుదే. వాన వస్తే టార్పాలిన్ కప్పవలసినది, తడిస్తే మళ్లీ ఆరబెట్టవలసినది అతడే. కాంటా అయి లారీ ఎక్కిన ధాన్యం సూత్రప్రాయంగా ప్రభుత్వానిది. అయితే మిల్లు వద్ద నాణ్యత బాగాలేదని దించుకోవడానికి నిరాకరిస్తే, లేదా కోత విధించి దించుకుంటే, ఆ సమాచారం తిరిగి రైతు వద్దకే వస్తుంది. మిల్లు అంగీకారం తరువాతనే వివరాలు నమోదై చెల్లింపు ప్రక్రియ మొదలైతే, రైతు దృష్టిలో అమ్మకం పూర్తయిన రోజు వేరు, ప్రభుత్వ దృష్టిలో పూర్తయిన రోజు వేరు అవుతుంది. చెల్లింపులో "జాప్యం లేదు" అని అధికారులు, "జాప్యం ఉన్నది" అని రైతులు ఒకే సమయంలో నిజాయితీగానే చెప్పడానికి కారణం ఇదే. లెక్క మొదలయ్యే తేదీలో ఇరుపక్షాలకు ఏకాభిప్రాయం లేదు.

2023 ఏప్రిల్, మే నెలలలో కురిసిన అకాల వర్షాలకు రాష్ట్రంలో ఎన్నో కేంద్రాలలో ధాన్యం తడిసి మొలకెత్తింది. తడిసిన ధాన్యాన్ని కూడా కొనుగోలు చేస్తామని నాటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. విపత్తు వేళ ఇటువంటి నిర్ణయం అవసరమే. అయితే కేంద్రానికి చేరిన ధాన్యానికి బీమా లేదా పూచీ ముందుగానే ఉంటే ప్రతి వర్షానికీ ప్రత్యేక ప్రకటన కోసం ఎదురుచూడవలసిన పని ఉండదు.

యాసంగి ధాన్యం, ఉప్పుడు బియ్యం

యాసంగి వరి గింజ ఎండల తీవ్రతకు లోనవుతుంది. దానిని పచ్చిగా ఆడిస్తే నూకలు ఎక్కువగా వస్తాయి. భారత ఆహార సంస్థ ప్రమాణాలు క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలని నిర్దేశించగా, పచ్చి బియ్యంలో 25 శాతం వరకు నూకలను చాలా ఏళ్లుగా అనుమతిస్తూ వచ్చాయి. యాసంగి ధాన్యం ఆ పరిమితిలో ఇమడదు గనుక మిల్లులు దానిని ఉడకబెట్టి ఉప్పుడు బియ్యంగా మార్చేవి.

దక్షిణాది రాష్ట్రాలలో ఉప్పుడు బియ్యం వాడకం తగ్గిందని, నిల్వలు పేరుకుపోయినవని పేర్కొంటూ ఇకపై వాటిని తీసుకోబోమని కేంద్రం స్పష్టం చేయడంతో 2021-22లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య వివాదం తలెత్తింది. యాసంగిలో వరి వేయవద్దన్న సూచనలు ఒకవైపు, నీరు పుష్కలంగా ఉన్న చెరువులు, బోర్లు మరొకవైపు రైతును సందిగ్ధంలో పడవేసినవి. 2022 ఏప్రిల్ 11న నాటి ముఖ్యమంత్రి ఢిల్లీలో దీక్ష చేపట్టారు. మరునాడు ధాన్యాన్ని రాష్ట్రమే కొనాలని మంత్రివర్గం నిర్ణయించింది. బియ్యం ఏ రూపంలో అప్పగించాలన్నది రెండు ప్రభుత్వాలకు, మిల్లులకు మధ్య ఉన్న ఒప్పందం. రైతు అందులో భాగస్వామి కాడు. అయినప్పటికీ ఆ సీజన్‌లో నాట్లు వేయాలా, పొలం బీడు పెట్టాలా అన్న నిర్ణయానికి మూల్యం చెల్లించినది అతడే.

సన్న రకాల అనుభవం

రాజేంద్రనగర్‌లో రూపొందిన ఆర్.ఎన్.ఆర్. 15048 రకం "తెలంగాణ సోన"గా ప్రసిద్ధి పొందింది. 2020 వానాకాలంలో అమలైన నియంత్రిత సాగు విధానంలో సన్న రకాలను ప్రోత్సహించారు. సన్న రకాలకు తెగుళ్ల బెడద, పెట్టుబడి ఎక్కువ, దిగుబడి తక్కువ. కోతల వేళ సరుకు ఒక్కసారిగా మార్కెట్టుకు రావడంతో ఆశించిన ధర పలకలేదని రైతులు ఆందోళన వ్యక్తం చేశారు. మద్దతు ధరలో దొడ్డు, సన్న రకాల మధ్య తేడా క్వింటాలుకు 20 రూపాయలే అయినందున ప్రభుత్వ కొనుగోలు వారి నష్టాన్ని పూడ్చలేదు. నియంత్రిత సాగును 2020 డిసెంబరులో ఉపసంహరించారు. 2024 వానాకాలం నుండి ఎంపిక చేసిన సన్న రకాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ విధానం అమలులోకి వచ్చింది. పంట ఎంపికపై సలహా ఇచ్చినవారు ధరపై కూడా పూచీ వహించాలన్న రైతుల వాదనకు ఇది కొంత మేరకు సమాధానం అయింది.

ఎగుమతులు, గోధుమ మార్కెట్ ప్రభావం

మన రైతు గోధుమ పండించకపోయినా గోధుమ ధర అతని వడ్లను తాకుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం కారణంగా ప్రపంచ మార్కెట్లో గోధుమ ధర పెరిగి, ఉత్తరాది రైతులు మద్దతు ధర కంటే ఎక్కువకు ప్రైవేటు వ్యాపారులకు అమ్ముకున్నారు. అంతకు ముందు ఏడాది సుమారు 433 లక్షల టన్నులుగా ఉన్న ప్రభుత్వ గోధుమ సేకరణ 188 లక్షల టన్నులకు పడిపోయింది. 2022 మే 13న గోధుమ ఎగుమతులపై నిషేధం వచ్చింది. ఆ తరువాత 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిపై, 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిపై నిషేధం విధించారు. బియ్యంపై నిషేధాన్ని 2024 సెప్టెంబరులో, నూకలపై నిషేధాన్ని 2025 మార్చిలో తొలగించారు.

వినియోగదారుల దృష్ట్యా ఇటువంటి చర్యలకు కారణాలు ఉంటాయి. రైతు దృష్టిలో మాత్రం ధర పెరిగినప్పుడు తలుపు మూసుకుంటుంది, తగ్గినప్పుడు మద్దతు ధర ఒక్కటే మిగులుతుంది. 2011 వానాకాలంలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించడానికి పెరిగిన కూలి ఖర్చులతో పాటు, 2008 నుండి కొనసాగిన బియ్యం ఎగుమతి నిషేధం, నిండిన గోదాములు, సాగని కొనుగోళ్లు కారణమైనవి. దానిపై అధ్యయనానికి నాటి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించింది.

ఎర్రజొన్న, విత్తన మొక్కజొన్న – మాట మీది ఒప్పందాలు

ఇంతవరకు చెప్పినది ప్రభుత్వ కొనుగోలు. ప్రైవేటు ఒప్పందాలలో పరిస్థితి మరింత సున్నితమైనది. ఆర్మూరు ప్రాంతంలో పండే ఎర్రజొన్న తిండి గింజగా కాక, ఉత్తరాది రాష్ట్రాలలో పశుగ్రాసం విత్తనంగా అమ్ముడుపోతుంది. స్థానికంగా దీనికి వినియోగదారు లేడు. ధర చెప్పే వ్యాపారి తిరస్కరిస్తే రైతుకు రెండవ గడప ఉండదు. 2008లో ముందుగా ఒప్పుకున్న ధర ప్రకారం చెల్లింపులు జరగకపోవడంతో జూన్ నెలలో ఆర్మూరులో జరిగిన ఆందోళన హింసాత్మకమై పోలీసు కాల్పులకు దారితీసింది. రైతుల బకాయిలను 2014లో రాష్ట్ర ప్రభుత్వమే తీర్చవలసి వచ్చింది. 2019లో ఎర్రజొన్న, పసుపు ధరలపై మళ్లీ ఆందోళనలు జరిగి, నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి పోటీలో నిలిచారు. అభ్యర్థుల మొత్తం సంఖ్య 185కు చేరింది.

ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు మండలాలలో విత్తన మొక్కజొన్న సాగు చేసిన గిరిజన రైతులు పంట విఫలమై నష్టపోయిన ఉదంతం 2025లో వెలుగులోకి వచ్చింది. మధ్యవర్తులే విత్తనం, పెట్టుబడి ఇచ్చారు. రైతుల చేతిలో ఒప్పంద పత్రాలు లేవు. రాష్ట్ర వ్యవసాయ, రైతు సంక్షేమ కమిషన్ జోక్యం తరువాత పరిహారం చెల్లింపు జరిగింది. 1966 విత్తన చట్టం రైతుకు అమ్మే విత్తనం నాణ్యతను నియంత్రిస్తుంది. విత్తనం పండించే రైతుకు రావలసిన ధర, చెల్లింపు గడువు ఆ చట్టం పరిధిలోనివి కావు. విత్తన కేంద్రంగా పేరొందిన హైదరాబాదు పరిసరాలలో ఈ లోటు ప్రత్యేకంగా గమనార్హం.

చట్టపరమైన స్థితి

1966 మార్కెట్ల చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి రాష్ట్రంలో ఒప్పంద సేద్యానికి చట్టబద్ధత కల్పించారు. 2018లో కేంద్రం నమూనా చట్టాన్ని రూపొందించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన మూడు సాగు చట్టాలలో ఒకటి ఒప్పంద సేద్యానికి సంబంధించినదే. వాటి అమలుపై 2021 జనవరి 12న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అదే ఏడాది నవంబరు చివరన పార్లమెంటు వాటి రద్దు బిల్లును ఆమోదించింది. కనుక ఒప్పందాన్ని నమోదు చేయించి, గడువులోగా చెల్లింపు జరిగేటట్లు చూసే బాధ్యత ప్రధానంగా రాష్ట్ర యంత్రాంగంపైననే ఉన్నది.

పరిశీలించవలసిన అంశాలు

కొనుగోలు సీజన్‌లో క్షేత్ర పర్యటన జరిపే అధికారులు, పాత్రికేయులు ఈ క్రింది విషయాలను పరిశీలించినట్లయితే వాస్తవ పరిస్థితి అవగతమవుతుంది.

1. కుప్ప పోసిన తేదీ, కాంటా తేదీ, మిల్లులో దించిన తేదీ, ఖాతాలో జమ అయిన తేదీ – నాలుగింటినీ విడివిడిగా నమోదు చేస్తున్నారా?

2. తేమ కొలిచే యంత్రం రైతు ఎదుటనే చూపిస్తున్నారా? తేమ శాతాన్ని రసీదుపై వ్రాస్తున్నారా?

3. కేంద్రంలోని తూకానికి, మిల్లులోని తూకానికి తేడా వస్తే ఆ తేడాను ఎవరి ఖాతాలో వేస్తున్నారు?

4. కౌలుదారు పేరు పంట నమోదులో ఉన్నదా? డబ్బు ఎవరి ఖాతాకు చేరింది?

5. ప్రైవేటు ఒప్పందాలలో ధర, నాణ్యత, చెల్లింపు గడువు, పంట విఫలమైతే బాధ్యత తెలుగులో వ్రాసి, ఒక ప్రతి రైతుకు ఇచ్చారా?

రైతులు కూడా తూకం చీటీని, లారీ నెంబరును భద్రపరచుకోవడం, సంతకం చేసిన ప్రతి కాగితం నకలు అడిగి తీసుకోవడం మంచిది. నోటిమాట మీద విత్తనం తీసుకున్నవారు కనీసం ఇచ్చిన వ్యక్తి వివరాలను, విత్తన సంచిపై గల లాట్ నెంబరును వ్రాసి ఉంచుకోవాలి. వివాదం తలెత్తినప్పుడు ఇవే ఆధారాలుగా ఉపయోగపడతాయి. సాగు సంబంధిత సలహాల కొరకు కిసాన్ కాల్ సెంటర్ టోల్ ఫ్రీ నెంబరు 1800-180-1551కు ఫోను చేసి తెలుగులో సంప్రదించవచ్చు.